నాయిన పీఎఫ్ ఖాతాల వేరేటోళ్ళ ఫోన్ నంబరున్నది, పెన్షన్‌కు ఎట్ల పెట్టాలె?

మెదక్ శీను (సెప్టెంబరు 6)

అందరికీ నమస్తే. మస్తు రోజుల సంది ఈడ చదువుతున్న గని రాసుడు ఇదే మొదలు.

మా నాయినకు మొన్న ఆగస్టు 31తోని 58 నిండినయి. 2006 సెప్టెంబరుల ఫ్యాక్టరీల చేరిండు, పందొమ్మిదేండ్లు ఒకటే మిషన్ మీద పనిచేసి దిగిండు. పీఎఫ్ పైసలకు, నెలనెలా పెన్షన్‌కు రెండిటికీ ఆన్‌లైన్‌లనే పెట్టుకొమ్మన్నరట. పాత జీతం చీటీ మీద యూఏఎన్, అంటే పీఎఫ్ కోసం మనిషికొకటి ఇచ్చే నంబరు దొరికింది. పాస్‌వర్డ్ మాత్రం ఎవ్వరికీ ఎరుక లేదు. సరే, కొత్తది పెట్టుకుందామని కూసుంటే ఓటీపీ పోయే నంబరు చివర 47 అని చూపెడుతుంది. మా ఇంట్ల గసొంటి నంబరే లేదు.

నాయిననడిగితే, "అప్పట్ల నాకు ఫోనెక్కడిదిరా, సూపర్‌వైజర్ తన నంబరు రాసుకున్నడు, మా బ్యాచ్‌ల అందరికీ గట్లనే రాసిండు" అంటుండు. ఆ సూపర్‌వైజర్ పని ఇడిసిపోయి ఎన్నో ఏండ్లాయె. మా ఊరి నెట్ సెంటరాయన ఐదు వేలిస్తే అన్నీ నేనే చేస్త అంటుండు. ఇయ్యన్నా?

కోస్తా కుర్రాడు (సెప్టెంబరు 6)

అంటే మీ నాన్నగారి బీరువా తాళంచెవి ఆ సూపర్‌వైజర్ గారి మొలతాడుకి వేలాడుతోందన్నమాట. ఐదు వేలు ఇవ్వకు బ్రో. పదేళ్ళ పైన సర్వీసుంది కాబట్టి ఫారం 10సీ పెట్టేసి పెన్షన్ డబ్బులు కూడా ఒకేసారి లాగేయండి. నేను మొదటి కంపెనీ మానేసినప్పుడు అలాగే తీసుకున్నా.

పాత గుమాస్తా (సెప్టెంబరు 7)

కుర్రాడు గారూ, మీరు చెప్పింది సరిగ్గా తలకిందులు. పదేళ్ళు నిండకపోతేనే 10సీతో డబ్బు వెనక్కి తీసుకోవచ్చు, లేదా స్కీమ్ సర్టిఫికెట్ తీసుకుని సర్వీసును దాచుకోవచ్చు. పదేళ్ళు దాటిందంటే మొత్తంగా ఇవ్వరు, పెన్షనే. దానికి ఫారం 10డీ. పీఎఫ్ నిల్వకు ఫారం 19. ఈ రెండూ వేర్వేరు డబ్బాలు. పీఎఫ్ మొత్తం తీసేసుకున్నంత మాత్రాన పెన్షన్‌లో పైసా తగ్గదు.

శీనూ, నేనొక మిల్లులో ముప్పై ఏళ్ళు పీఎఫ్ చలానాలు కట్టి, ఏటా 3ఏ, 6ఏ ఫారాలు చేత్తో రాసిన మనిషిని. ఐదు వేలు జేబులోనే ఉంచు. ఆ మనిషిని అనుమానించి చెప్పడం కాదు. ఒకాయన నంబరు తీసేసి ఇంకొకాయన నంబరు పెట్టించుకోవడానికి నువ్వు డబ్బులిచ్చేలా ఉన్నావని చెబుతున్నాను. ఇలాంటి సెంటర్లలో పని తొందరగా అవ్వాలని వాళ్ళ నంబరే కొట్టేస్తారు, అది అలవాటు.

మూడు సంగతులు చెప్పు. నాన్నగారి ఆధార్‌కు ఏ ఫోన్ కట్టి ఉంది? ఖాతా ఏ బ్యాంకులో, ఎప్పటిది? కంపెనీ వాళ్ళు పని మానేసిన తేదీ ఎక్కించారా?

రిటైర్డ్ కండక్టర్ (సెప్టెంబరు 7)

ఇన్ని తిప్పలెందుకు? కాగితం మీద రాసి సంతకం పెట్టి ఆఫీసులో ఇచ్చి స్టాంపు వేయించుకుంటే సరిపోయేది మా రోజుల్లో. ఈ ఓటీపీలు, ఫేసులు అన్నీ ముసలాళ్ళని ఏడిపించడానికే. నేనైతే ఫోన్‌లో ఏదీ నమ్మను. నా పెన్షన్ సంగతులన్నీ అట్ట ఫైల్లో ఉన్నాయి.

మెదక్ శీను (సెప్టెంబరు 8)

గుమాస్తా సార్, ఆధార్‌కు ఏ నంబరూ లేదు. బ్యాంకు ఆంధ్రా బ్యాంకు, పాస్‌బుక్కు పసుపు పచ్చగ అయిపోయింది. మానేసిన తేదీ సంగతి నాకు తెల్వదు, లోపలికి పోతే కదా.

పాత గుమాస్తా (సెప్టెంబరు 8)

అయితే పని ఫ్యాక్టరీలో మొదలవదు, ఆధార్ కేంద్రంలో మొదలవుతుంది. నాన్నగారినే తీసుకెళ్ళు, నువ్వొక్కడివే వెళితే కాదు. వేలిముద్ర వేయించి ఆయన పేరు మీదున్న సిమ్ నంబరు కట్టించు. ఆయన సిమ్ అంటున్నాను, నీది కాదు. రేపు నువ్వు దుబాయ్ పోయావనుకో, ఓటీపీ అక్కడ మోగుతుంది.

ఆ నంబరు ఆధార్‌లోకి ఎక్కాక యూఏఎన్ పోర్టల్‌లో 'ఫర్‌గాట్ పాస్‌వర్డ్' నొక్కు. పాత నంబరు చూపించి దీనికే పంపమంటారా అంటుంది. వద్దను. అప్పుడు పేరు, పుట్టిన తేదీ, ఆధార్ అడిగి సరిచూసుకుని కొత్త నంబరు తీసుకుంటుంది. ఆ సూపర్‌వైజర్‌ను వెతుక్కుంటూ తిరగక్కర్లేదు.

ఇక ఆంధ్రా బ్యాంకు. పట్టాభి సీతారామయ్య గారు 1923లో బందరులో పెట్టిన బ్యాంకు, మాలాంటి వాళ్ళకు దాని మీద ఇప్పటికీ మమకారమే. కానీ 2020 ఏప్రిల్ 1న అది యూనియన్ బ్యాంకులో కలిసిపోయింది, ఐఎఫ్ఎస్‌సీ కోడ్ మారింది. పీఎఫ్ ఖాతాలో పాత కోడే ఉంటే డబ్బు పంపినా చేరదు. కొత్త పాస్‌బుక్కు తీసుకుని కేవైసీలో బ్యాంకు వివరాలు మళ్ళీ ఎక్కించు. దీనికి 2025 నుంచి కంపెనీ ఆమోదం అక్కర్లేదు, ఆధార్ ఓటీపీతో అయిపోతుంది.

గుంటూరు లక్ష్మి (సెప్టెంబరు 9)

ఇంకో మాట శీనూ. లోపలికి వెళ్ళగానే ఈ-నామినేషన్ చేయించు. అది లేకుండా 10డీ ఆన్‌లైన్‌లో ముందుకు కదలదు. మీ అమ్మగారి ఆధార్, ఫోటో, బ్యాంకు ఖాతా దగ్గర పెట్టుకో. అమ్మగారి పేరు ఆధార్‌లో ఎలా ఉంటే అలాగే, అక్షరం తేడా రాకుండా కొట్టు. మా నాన్నగారు పోయాక అమ్మకు వితంతు పెన్షన్ పెట్టినప్పుడు ఒక ఖాతాలో వెంకట సుబ్బమ్మ, ఇంకో దాంట్లో సుబ్బమ్మ అని ఉండి ఎన్ని అఫిడవిట్లు రాయించామో నాకు తెలుసు.

కోస్తా కుర్రాడు (సెప్టెంబరు 9)

10సీ విషయంలో నాదే తప్పు, ఒప్పుకుంటున్నా. నేను తీసుకున్నప్పుడు సర్వీసు మూడేళ్ళే. నామినేషన్ అన్నారు కాబట్టి నాదొక డౌట్. ఉద్యోగంలో చేరినప్పుడు అమ్మ పేరు పెట్టాను. తర్వాత పెళ్ళయింది. అది అలాగే ఉంది, పర్లేదా?

పాత గుమాస్తా (సెప్టెంబరు 9)

పర్లేదు కాదు, అది చెల్లదు. పెళ్ళికి ముందు చేసిన నామినేషన్ పెళ్ళితో రద్దయిపోతుంది, కొత్తది వేయాల్సిందే. ఏదన్నా జరగరానిది జరిగితే పీఎఫ్‌తో పాటు ఈడీఎల్ఐ బీమా కూడా ఉంటుంది, గరిష్ఠంగా 7 లక్షల దాకా. ఇవాళ రాత్రి భోజనం చేసే లోపల ఆ పని చేసేయండి. మీ ఆవిడ ఈ వేదిక చదవరని ఆశిస్తున్నాను.

కోస్తా కుర్రాడు (సెప్టెంబరు 9)

చదువుతుంది సార్. ఇప్పుడే చదివింది.

మెదక్ శీను (సెప్టెంబరు 24)

లోపలికి పోయినం! ఆధార్ కేంద్రంల రెండు సార్లు తిరిగినం, మొదటిసారి సర్వర్ లేదన్నరు. మొత్తానికి నాయిన చిన్న ఫోన్‌కు ఓటీపీ వచ్చింది. ఆయన జిందగీల మొదటి ఓటీపీ. అంకెలు ఒక్కొక్కటి చదువుకుంట నాకు చెప్పిండు.

పాస్‌బుక్ తీసినం. మూడు కాలమ్‌లు ఉన్నయి. ఉద్యోగి వాటా, కంపెనీ వాటా, పెన్షన్ వాటా. మొదటి రెండిట్ల వడ్డీ పడుతుంది, పెన్షన్ దాంట్ల ఒక్క రూపాయి వడ్డీ లేదు! కొన్నేండ్ల సంది నెలకు 1,250 పడుకుంట పోయింది అంతే. ఎవరన్న తిన్నరా?

పాత గుమాస్తా (సెప్టెంబరు 24)

ఎవరూ తినలేదు నాయనా. ఈ ప్రశ్న నన్ను నా సర్వీసులో ఎంతమంది అడిగారో లెక్కలేదు. కంపెనీ కట్టే 12 శాతంలో 8.33 శాతం పెన్షన్ నిధికి పోతుంది, 15,000 జీతం మీద లెక్క కాబట్టి నెలకు 1,250కి మించదు. అది ఆయన పేరున పెరిగే పొదుపు కాదు, అందరిదీ కలిసిన ఉమ్మడి నిధి. అందుకే వడ్డీ వేయరు. పెన్షన్‌కు ఆ కాలమ్‌లోని మొత్తంతో సంబంధం లేదు, జీతానికి, సర్వీసు ఏళ్ళకే సంబంధం. పీఎఫ్ కాలమ్‌లకు మాత్రం వడ్డీ ఉంటుంది, 2024-25కి 8.25 శాతం ఇచ్చారు.

మానేసిన తేదీ ఉందా?

మెదక్ శీను (సెప్టెంబరు 24)

లేదు సార్, ఆడ ఖాళీ ఉంది.

పాత గుమాస్తా (సెప్టెంబరు 25)

కంపెనీ గుమాస్తాకి ఫోన్ చేసి మర్యాదగా అడుగు. వాళ్ళకు అది రెండు నిమిషాల పని. వేయకపోతే చివరి చందా పడిన నెల తర్వాత రెండు నెలలాగి మీరే 'మార్క్ ఎగ్జిట్' లో ఆధార్ ఓటీపీతో వేసుకోవచ్చు. కానీ ఒకసారి పడిన తేదీ మార్చడం తలనొప్పి. ఆగస్టు 31 బదులు ఆగస్టు 13 అని కొట్టావంటే నీతో నేనూ ఏడవాలి.

సత్తెమ్మ మనవరాలు (అక్టోబరు 2)

నాదీ ఇదే తీరు ముచ్చట, ఈన్నే అడుగుత. మాది నిజామాబాద్ దిక్కు. మా అమ్మమ్మ నలభై ఏండ్లు బీడీలు చుట్టింది. ఆమెకు పీఎఫోళ్ళ ఈపీఎస్ పెన్షన్ వెయ్యి రూపాయలు వస్తది, గంతే, 2014ల పెట్టిన కనీసం అదే ఇంకా నడుస్తుంది. ఏటా బతికున్నట్టు చూపే లైఫ్ సర్టిఫికెట్‌కు పోతే వేలిముద్ర పడదు. తునికాకు కత్తిరించి, దారం చుట్టి చుట్టి వేళ్ళ మీద గీతలన్నీ అరిగిపోయినయి. పోయినేడు పది సార్లు పెట్టి చూసి ఇంటికి పొమ్మన్నరు. ఈసారి ఏం చెయ్యాలె?

గుంటూరు లక్ష్మి (అక్టోబరు 2)

చెల్లీ, వేలిముద్ర వదిలెయ్. మొహంతో అవుతుంది, 2021 నుంచి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్‌లో రెండు యాప్‌లు కావాలి, ఆధార్ ఫేస్ ఆర్‌డీ ఒకటి, లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చే జీవన్ ప్రమాణ్ ఇంకొకటి. ప్లేస్టోర్ నుంచే తీసుకో, ఎవరో పంపిన లింకు నుంచి కాదు. మొదట నీ మొహంతో ఆపరేటర్‌గా నమోదు చేసుకోవాలి, తర్వాత అమ్మమ్మ వివరాలు. మంజూరు చేసిన శాఖ దగ్గర ఈపీఎఫ్ఓ, అంటే పీఎఫ్ సంస్థ, ఎంచుకో. పీపీఓ (పెన్షన్ మంజూరు పత్రం) నంబరు, పెన్షన్ పడే ఖాతా నంబరు కొట్టాక కెమెరా తెరుచుకుంటుంది.

కళ్ళు ఆర్పమంటుంది. మా అమ్మకు శుక్లాల ఆపరేషన్ అయ్యాక కళ్ళార్పడం దానికి అర్థం కాక నాలుగు సార్లు తిరిగింది. చివరికి మధ్యాహ్నం వాకిట్లో వెలుతురుకి ఎదురుగా కూర్చోబెట్టి, నిదానంగా, గట్టిగా ఆర్పమంటే పడింది. లైటు వెనక నుంచి వస్తే అస్సలు పడదు. అయ్యాక ప్రమాణ్ ఐడీ మెసేజ్ వస్తుంది, అది దాచుకో. ఇది కుదరకపోతే పోస్ట్‌మ్యాన్ ఇంటికే వచ్చి చేస్తాడు, పోస్టాఫీసులో అడుగు.

నేను చేసిన తప్పు కూడా చెబుతా. లైఫ్ సర్టిఫికెట్ అంటే నవంబరే అని నా బుర్రలో పడిపోయింది. అది ప్రభుత్వ పెన్షనర్లకు. మన ఈపీఎస్ వాళ్ళకు ఎప్పుడిస్తే అప్పటి నుంచి 12 నెలలు. అమ్మది మార్చిలో ఇచ్చిందయితే నేను తర్వాతి నవంబరు దాకా టైముందని తీరిగ్గా కూర్చున్నా. ఏప్రిల్ నుంచి డబ్బు ఆగిపోయింది. అమ్మ మూడు నెలలు నాకు చెప్పనే లేదు, ప్రభుత్వం దగ్గర డబ్బుల్లేవేమో అనుకుందట. మళ్ళీ ఇచ్చాక బకాయితో సహా పడింది లెండి.

సత్తెమ్మ మనవరాలు (అక్టోబరు 4)

అక్కా, పడ్డది! రెండోసారికే. అమ్మమ్మ ఫోన్ల తన మొకం చూసుకొని కొంగు సదురుకుంటుంటే నవ్వాగలేదు. ఐడీ వచ్చింది. ఇదిగో మెసేజ్, పీపీఓ నంబరు సరిగనే ఉందా ఎవరన్న చూడుండ్రి: [తొలగించబడింది]

వేదిక నిర్వాహకుడు (అక్టోబరు 4)

పై పోస్టులో పీపీఓ నంబరు, ఖాతా నంబరు తీసేశాను. అమ్మా, సంతోషంలో పెట్టారని తెలుసు. కానీ ఈ పేజీ ఎవరైనా చూడొచ్చు. యూఏఎన్, పీపీఓ, ఆధార్, బ్యాంకు నంబర్లు ఇక్కడ ఎవరూ పెట్టవద్దు. సందేహం చెప్పడానికి నంబరు అవసరం లేదు. ఎవరైనా ప్రైవేటు మెసేజ్‌లో 'నేను చూసి పెడతా' అంటే నాకు తెలియజేయండి. నిరుడు అలా ఇద్దరిని బయటికి పంపాను.

మెదక్ శీను (అక్టోబరు 11)

కంపెనీల ఎగ్జిట్ తేదీ ఏసిండ్రు. ఆగస్టు 31, మూడు సార్లు చూసుకున్న. యూనియన్ బ్యాంకు కొత్త కోడ్ ఎక్కింది. నామినేషన్‌ల అమ్మ ఫోటో పెట్టినం. ఫారం 19, 10డీ రెండూ పెట్టిన. ఇగ ఎదురుచూసుడే.

రిటైర్డ్ కండక్టర్ (అక్టోబరు 29)

నేనూ ఒకటి చెప్పాలి. తిట్టకండి. నిన్న పొద్దున ఫోన్ వచ్చింది. చక్కటి తెలుగు. నా పేరు, నేను దిగిన సంవత్సరం అన్నీ చెప్పాడు. "బాబాయ్ గారూ, మీ లైఫ్ సర్టిఫికెట్ గడువు అయిపోతోంది, ఈ నెల నుంచి పెన్షన్ ఆగిపోతుంది, ఆఫీసుకి రావక్కర్లేదు, ఇంట్లోనే చేసిపెడతాం" అన్నాడు. వాట్సాప్‌లో ఒక ఫైలు పంపి నొక్కమన్నాడు. నొక్కాను. ఏదో యాప్ పడింది, మెసేజ్‌లు చదవడానికి అనుమతి అడిగింది. అప్పుడే మా మనవడు స్కూలు నుంచి వచ్చి ఫోన్ లాక్కుని స్విచాఫ్ చేశాడు. ఆన్‌లైన్ నమ్మనని ఇక్కడ రాసిన వాణ్ణే నేను. ఫోన్‌లో మాట్లాడిన వాణ్ణి మాత్రం నమ్మేశాను.

పాత గుమాస్తా (అక్టోబరు 29)

కండక్టర్ గారూ, తిట్టడమేమిటి, చెప్పినందుకు దండం. వెంటనే వేరే ఫోన్ నుంచి బ్యాంకుకి చెప్పి ఖాతా తాత్కాలికంగా ఆపించండి. 1930కి ఫోన్ చేయండి, సైబర్ మోసాలకు దేశమంతా అదే నంబరు. డబ్బు పోయినా పోకపోయినా చేయండి. డబ్బు పోయిన కేసుల్లో మొదటి కొన్ని గంటల్లో చేస్తే మధ్యలోనే ఆపగలుగుతారు. మీ ఫోన్‌ని రీసెట్ చేయించేదాకా అందులో బ్యాంకు యాప్ తెరవొద్దు.

వాడికి మీ పేరు, సంవత్సరం తెలియడం పెద్ద విచిత్రమేమీ కాదు. మనం జిరాక్సు షాపుల్లో వదిలేసిన కాగితాలు ఎన్నెన్ని చేతులు మారతాయో! ఈపీఎఫ్ఓ ఎప్పుడూ ఫోన్ చేసి ఓటీపీ, ఆధార్, బ్యాంకు నంబరు అడగదు, వాట్సాప్‌లో ఫైలు పంపదు. వాడు ఓటీపీ కూడా అడగలేదు చూశారా, మెసేజ్‌లు చదివే యాప్ పెడితే అడగాల్సిన పనే లేదు.

రిటైర్డ్ కండక్టర్ (అక్టోబరు 30)

డబ్బు పోలేదు. బ్యాంకులో చెప్పాం, 1930కి కూడా చేశాం. మనవడు నాకు కొత్త రూలు పెట్టాడు. ఎవడు ఫోన్ చేసినా "సాయంత్రం మా మనవడు వచ్చాక చేయి" అనాలట. ఇవాళ ఒకడికి అన్నాను. వాడు సిమ్ కార్డు కంపెనీ వాడు, పాపం.

మెదక్ శీను (నవంబరు 27)

పెన్షన్ పడ్డది! పీఎఫ్ పైసలు ముందే వచ్చినయి. పీపీఓ కూడా వచ్చింది. కానీ ఒక లెక్క తేడా వస్తుంది. యూట్యూబ్‌ల చెప్పిన సూత్రం ఏందంటే జీతం గుణించు సర్వీసు, భాగించు 70. అంటే 15,000 గుణించు 19 బై 70, 4,071 రావాలె. మాకు మంజూరయింది 3,100. దాదాపు వెయ్యి తక్కువ. నాయిన "వచ్చింది చాలు, ఊకో" అంటుండు గని నాకు నిద్ర పడతలేదు.

పాత గుమాస్తా (నవంబరు 27)

నిద్రపో. లెక్క సరిగ్గానే ఉంది, యూట్యూబ్ వాళ్ళు సగమే చెబుతారు. 15,000 పరిమితి వచ్చింది 2014 సెప్టెంబరు 1 నుంచి. అంతకుముందు పరిమితి 6,500. నాన్నగారి సర్వీసు ఆ గీతకు అటూ ఇటూ ఉంది కాబట్టి రెండు ముక్కలుగా లెక్కిస్తారు. 2006 సెప్టెంబరు నుంచి 2014 ఆగస్టు దాకా 8 ఏళ్ళు, 6,500 మీద. 52,000 బై 70, అంటే 742.86. తర్వాత 11 ఏళ్ళు, 15,000 మీద. 1,65,000 బై 70, అంటే 2,357.14. కలుపు.

మెదక్ శీను (నవంబరు 27)

3,100. పైసలతో సహా సరిగ్గ వచ్చింది సార్! ఇంకో ఏడాది పనిచేసి ఇరవై నిండితే రెండేండ్లు అదనంగా కలుపుతరని కూడా విన్న...

పాత గుమాస్తా (నవంబరు 27)

నిజమే, ఇరవై ఏళ్ళు నిండితే సర్వీసుకు రెండేళ్ళు కలుపుతారు. కానీ 58 దాటాక పెన్షన్ పథకానికి చందా పోదు, సర్వీసు లెక్కలోకి రాదు. కాబట్టి ఆ ఏడాది ముందు వైపు కావాలి. 2006కు ముందు ఇంకెక్కడైనా పీఎఫ్ కట్ అయిన చోట పనిచేశారా? చేసి డబ్బు తీసుకోకుండా ఉంటే అది కలుస్తుంది.

మెదక్ శీను (నవంబరు 28)

అడిగిన. అంతకు ముందు రెండేండ్లు పటాన్‌చెరు దిక్కు ఒక చిన్న యూనిట్ల చేసిండట. పీఎఫ్ కట్ అయిందో లేదో యాదికి లేదంటుండు. పాత చీటీలు ట్రంకు పెట్టెల ఉండొచ్చంట, అమ్మ తీస్తనన్నది.

గుంటూరు లక్ష్మి (నవంబరు 28)

దొరికితే ఆ చీటీ మీద కోడ్ నంబరు చూడు, అందులో ఆఫీసు, కంపెనీ రెండూ తెలుస్తాయి. ప్రతి నెలా 27న జిల్లాల్లో 'నిధి ఆప్కే నికట్' అని పీఎఫ్ వాళ్ళే కూర్చుంటారు, ఆ రోజు సెలవైతే మర్నాడు. అక్కడికి చీటీ, పీపీఓ రెండూ పట్టుకెళ్ళి అడుగు. మళ్ళీ జీవన్ ప్రమాణ్ గడువు ఫోన్‌లో గుర్తు పెట్టుకోవడం మర్చిపోకు.

కోస్తా కుర్రాడు (నవంబరు 28)

పోర్టల్ పాస్‌వర్డ్ కూడా ఎక్కడైనా రాసి పెట్టు శీనూ, మళ్ళీ మొదటికి రాకుండా.

మెదక్ శీను (నవంబరు 28)

గోడ మీద క్యాలెండర్ల రాస్తనంటే నాయిన ఒప్పుకోలేదు. నిన్న నన్ను అవతలికి పొమ్మని తనే కూసోని కొత్త పాస్‌వర్డ్ పెట్టుకున్నడు. ఏం పెట్టిండో నాకు కూడ చెప్తలేడు.